బ్లడ్ అగార్ పోసిన రోజు

పొద్దున ల్యాబ్‌కి వెళ్లేసరికే గొర్రె రక్తం వచ్చి ఉంది. రోగుల శాంపిళ్లలోని క్రిముల్ని పెంచి చూసే ప్లేట్లకి అది కావాలి. గడ్డకట్టకుండా గాజుపూసలు వేసిన ఫ్లాస్కులో తిప్పుతూ పట్టిన రక్తం. అది వచ్చిన రోజు ఇంకే పనీ పెట్టుకోను.

అగార్‌ని, అంటే క్రిములకి తిండి కలిపిన జెల్లీని, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పాత్ర) 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి దించాక మొదలవుతుంది టెన్షన్. 50 డిగ్రీలకు చల్లారేదాకా ఆగాలి. తొందరపడి రక్తం కలిపితే ఉడికిపోతుంది, మరీ ఆగితే 40 దగ్గరపడేసరికి అగార్ పేరుకుపోతుంది. నేను ఫ్లాస్కుని ముంజేతికి ఆనించి చూసుకుంటాను. కొత్తగా చేరిన అమ్మాయి థర్మామీటర్ తెచ్చింది. నవ్వొచ్చింది గానీ, సరైన పద్ధతి తనదే.

కొంత మీడియాలో (క్రిములకి పెట్టే తిండిని అలా అంటాం) మాత్రం రక్తాన్ని కావాలనే 80 డిగ్రీల దాకా వేడి చేశాం, ఎరుపు పోయి గోధుమరంగుకి తిరిగేదాకా. ఇది హీమోఫిలస్ అనే బ్యాక్టీరియా కోసం. దానికి రక్తంలో ఉండే హీమిన్, ఎన్‌ఏడీ అనే పదార్థాలు రెండూ అందాలి. ఎర్రకణాలు పగిలితేగానీ ఎన్‌ఏడీ బయటికి రాదు. పచ్చి గొర్రె రక్తంలో దాన్ని పాడుచేసే ఎంజైమ్ కూడా ఉంటుంది, వేడికి ఆ పీడా పోతుంది. తర్వాత శాంపిల్ రాసిన ఆ ప్లేట్లను జాడీలో పేర్చి, కొవ్వొత్తి వెలిగించి మూత బిగించాలి. అది ఆరిపోయేసరికి లోపల 3 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు!

పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాకి ఇవేవీ అక్కర్లేదు. నిన్నటి యూరిన్ కల్చర్‌లో (శాంపిల్‌లోని క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) మెకాంకీ అనే మీడియా ప్లేటు నిండా గులాబీరంగు కాలనీలే, అంటే క్రిముల గుంపులే. ఆ ప్లేటులో పైత్యరస లవణాలున్నా లెక్కచేయదు. అందులోని లాక్టోస్ అనే చక్కెర తిని ఆమ్లం వదులుతుంది, ఆ రంగు దానివల్లే. అన్నీ కుదిరితే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అందుకే యూరిన్ శాంపిల్ రెండు గంటల్లో పంపలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టమని పోరుతుంటాం. అదే టీబీ క్రిమి అయితే, గుడ్లు, గ్లిజరాల్ కలిపిన ఎల్‌జే అనే మీడియా సీసాల్లో పెట్టి ఎనిమిది వారాలు చూడాలి.

మధ్యాహ్నం ఒక పెద్దాయన ‘నో గ్రోత్’ అని రాసిన బ్లడ్ కల్చర్ రిపోర్టు పట్టుకొచ్చారు. "ఏమ్మా, ఏమీ పెరగలేదంటే మావాడికి ఏమీ లేనట్టేగా? మరి జ్వరమెందుకు తగ్గట్లేదు?"

"రక్తం ఇచ్చేముందు మందులేమైనా వాడారా బాబాయిగారూ?" అన్నాను.

మెడికల్ షాపులో అడిగి ఏవో యాంటీబయాటిక్స్ వేశారట. మందు దెబ్బ తిన్న క్రిమి ఎంత మంచి మీడియా మీదైనా లేవకపోవచ్చు. సిఫిలిస్ క్రిమిలాంటివైతే మా ప్లేట్ల మీద అసలే పెరగవు. మేం పెట్టిన తిండి మీద, మేం చూసిన గడువులో ఏదీ పైకి రాలేదు, ఆ రిపోర్టుకి అంతే అర్థం. ఆ మాటే చెప్పి, మందుల చీటీ కూడా డాక్టరుగారికి చూపించమని పంపాను.

రిక్వెస్ట్ ఫారంలో ‘యాంటీబయాటిక్ మొదలుపెట్టారా?’ అని ఒక గడి ఉంది. సాయంత్రం ఇవాళ్టి ఫారాలన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ నింపలేదు. రేపు వార్డు సిస్టర్లతో మాట్లాడాలి.