కాలి వేళ్ల మధ్య పగులు

"ఈ వయసులో కాళ్లనొప్పులు లేనిదెవరికండీ?" ఎమర్జెన్సీలో ఉన్న డ్యూటీ డాక్టరు ఈ మాట నాతో అనలేదు, నా పక్కన నిలబడ్డ మా అమ్మాయితో అన్నాడు. మంచం మీద కూర్చుని నేను వింటూనే ఉన్నాను. ఒంట్లో నలతగా ఉందని, ఎడమ కాలు లాగుతోందని, మధ్యాహ్నం నుంచి మాటలు తడబడుతున్నాయని చెప్పాం. బీపీ చూశాడు, జ్వరం చూశాడు. జ్వరం పెద్దగా లేదు. నొప్పికి మాత్ర రాసి, మతిమరుపు మొదలవుతున్నట్టుంది, వీలున్నప్పుడు ఒకసారి ఆ డాక్టరుకు చూపించండి అని పంపించేశాడు. కాళ్ల మీది దుప్పటి తీసి చూడలేదు.

నాకు 71 ఏళ్లు. కాలు మానింది, భయం తగ్గింది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ రాత్రి సంగతి నాకు సగమే గుర్తుంది, మిగతాది అమ్మాయి చెప్పింది. ముందు వణుకు వచ్చింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి, మంచం కూడా కదిలిందట. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగలేదు. కాసేపటికి గది కొత్తగా కనిపించసాగింది. తలుపు ఎటు ఉందో తెలియలేదు. కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు మా అమ్మలా కనిపించింది. "అమ్మా, దీపం పెట్టవూ" అని అడుగుతూనే ఉన్నానట. మా అమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. మా అమ్మాయి నా చేయి పట్టుకుని "అమ్మా, నేనే" అంటే, "నువ్వెవరమ్మా, మీవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు, ఇంటికి వెళ్లు" అన్నానట. ఈ మాట చెప్పేటప్పుడు అది ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటుంది. నాకు మాత్రం ఒకటి బాగా గుర్తుంది. ఎవరో పిలుస్తున్నారు, ఆ గొంతు నాకు కావలసినవాళ్లదేనని తెలుస్తోంది, ఎవరిదో మాత్రం అందడం లేదు. చావంటే నాకు అంత భయం లేదు. ఆ అందకపోవడానికి మాత్రం భయపడ్డాను, ఇప్పుడు తలుచుకున్నా గుండె దడదడలాడుతుంది.

తెల్లవారకముందే మరో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ దుప్పటి తీసింది. పాదం నుంచి మోకాలి కిందిదాకా కాలు ఎర్రగా వాచి, నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే కాలుతోంది. సెల్యులైటిస్ అంది. అంటే చర్మం కింది పొరల్లోకి బ్యాక్టీరియా చేరింది. అప్పటికే దాని ప్రభావం ఒళ్లంతా పాకి బీపీ పడిపోతోంది. తర్వాత అందరికీ జరిగేవే జరిగాయి: సెలైన్, నరంలోకి యాంటీబయాటిక్, రక్తపరీక్షలు. డాక్టరమ్మ పెన్నుతో నా కాలి మీద, ఎరుపు ఆగిన చోట చుట్టూ గీత గీసింది. రోజూ పొద్దున్నే ఆ గీత వంక చూసేదాన్ని. మొదట్లో ఎరుపు గీత దాటింది. తర్వాత నిలిచింది. ఒక పొద్దున గీతకు ఇవతల బొటనవేలంత మేర మామూలు చర్మం కనిపించింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆ తర్వాత డాక్టరమ్మకూ పెట్టాను. రెండూ ఒకే మనసుతో పెట్టినవే.

మతిమరుపు సంగతి ఆవిడే విడమరిచి చెప్పింది. పెద్దవయసువారికి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జ్వరం గట్టిగా రాకపోవచ్చు. మనిషి తికమకపడటమే కొందరిలో మొదటి గుర్తు. దాన్ని డెలీరియం అంటారు. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ముంచుకొస్తుంది, కాసేపు బాగుండి కాసేపు ముదురుతుంది, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. మతిమరుపు జబ్బయితే నెలలు, ఏళ్లు పట్టి నెమ్మదిగా వస్తుంది. ఈ తేడా ఆ డ్యూటీ డాక్టరుకు తెలియదని నేను అనుకోను. చదివే ఉంటాడు. నా తెల్లజుట్టు చూసి అడగడం మానేశాడు.

అసలు ఆ క్రిమి లోపలికి ఎలా వెళ్లింది? నాకు షుగరు లేదు, దెబ్బా తగల్లేదు. కాలు శుభ్రం చేస్తున్న నర్సు చిటికెనవేలిని పక్క వేలి నుంచి మెల్లగా విడదీసి, "ఇక్కడమ్మా" అంది. వేళ్ల సందున చర్మం తెల్లగా నాని, మధ్యలో సన్నటి పగులు ఉంది. గోరుతో గీసినంత. అక్కడ తడి నిలిచి ఫంగస్ చేరుతుంది, ఫంగస్ చర్మాన్ని చీలుస్తుంది, ఆ చీలికే బ్యాక్టీరియాకు దారి. మోకాళ్లు బిగుసుకున్నాక నా చేయి నా పాదం దాకా వెళ్లడం ఎప్పుడో మానేసింది. నీళ్లు కాలి మీదుగా పోతాయి, తువ్వాలు మాత్రం పిక్క దగ్గరే ఆగిపోతుంది. నా వయసువాళ్లు ఎందరికో ఇదే కథ. ఎవరూ చెప్పుకోరు, ఎవరూ అడగరు. ఆ నర్సు అడిగింది. "మీ పాదం మీరు చూసుకుని ఎన్నాళ్లయిందమ్మా?" అని ఏ వెటకారమూ లేకుండా అడిగింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు మా అమ్మాయే స్నానం చేయించింది. బిడ్డకు నీళ్లు పోసిన చేతులతో ఆ బిడ్డ చేతే పోయించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మొదటి రోజు కళ్లు మూసుకుని కూర్చున్నాను. అది ఏమీ అనలేదు. భుజాల మీద పొడి తువ్వాలు కప్పి ఉంచి, కడుగుతున్న భాగం వరకే తీసి మళ్లీ కప్పింది. నా పని నన్ను చేసుకోనిచ్చింది, చేయి అందని చోట మాత్రమే తన చేయి వేసింది. మనిషి మర్యాద అక్కడే ఉంది. ఎవరికైనా స్నానం చేయించాల్సి వస్తే ఇలా చేయించండి.

చర్మం డాక్టరు దగ్గర నేర్చుకున్నది ఇంకా ఉంది. వయసుతో చర్మం పలచబడుతుంది, నూనె గ్రంథులు ఇచ్చే నూనె తగ్గిపోతుంది, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక మరీ తగ్గుతుంది. చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 చుట్టుపక్కల. మామూలు సబ్బుది 9 నుంచి 10 దాకా ఉంటుంది. వేడివేడి నీళ్లు, ఒళ్లంతా నురగ, గట్టిగా రుద్దడం ముప్పై ఏళ్ల చర్మం తట్టుకుంటుంది. డెబ్బై ఏళ్ల చర్మం ఎండి దురద పెడుతుంది, గీరుకుంటే చిట్లుతుంది, చిట్లిన ప్రతిచోటా ఇంకో తలుపు తెరుచుకున్నట్టే. అందుకని ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లే, స్నానం కూడా త్వరగానే. సబ్బు చంకల్లో, గజ్జల్లో, పాదాలకు మాత్రమే. ఒళ్లు అద్దుకున్నాక ఇంకా చెమ్మ ఉండగానే కాళ్లకూ చేతులకూ క్రీము. వేళ్ల సందుల్లో మాత్రం క్రీము రాయకూడదు, అక్కడ పూర్తిగా పొడిగా ఉండాలి. స్నానాల గదిలో పీట వేసుకుని కూర్చుంటాను. వేడినీళ్లకు రక్తనాళాలు వదులై, లేవగానే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు, అందులో అరవై దాటినవారే ఎక్కువ. గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించమని మా అబ్బాయిని అడిగితే వారంలోపే పెట్టించాడు.

చూడటానికి వచ్చిన దగ్గరి బంధువు ఒకావిడ నా మంచం పక్కన క్రీము డబ్బా చూసి, "ఈ వయసులో ఇంకా ఈ సోకులెందుకు వదినా" అంది. ఆ రోజు నోరు లేవలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అది సోకు కాదు, మందు. ఒకప్పుడు నలుగురికీ బాగా కనిపించాలని చేసిన పనే ఇప్పుడు బతకడానికి చేస్తున్నాను. చీమూ నెత్తురూ చూసి వచ్చినదాన్ని, సిగ్గుపడి డబ్బా దాచుకోను.

గోళ్ల సంగతీ అంతే. అవి మందంగా, గట్టిగా తయారవుతాయి, మామూలు కత్తెరకు లొంగవు. నీళ్లలో నానబెట్టి, అంచులు లోపలికి పోకుండా తిన్నగా కత్తిరించాలి. నాకు మా అబ్బాయి కత్తిరిస్తాడు. నోటి గురించి కూడా అడగండి. బీపీకి, అలర్జీకి, నిద్రకు వాడే మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే, చిగుళ్లు కిందికి జారి బయటపడ్డ పంటి వేరు త్వరగా పుచ్చుతుంది. అప్పుడు కూడా "వయసు కదా" అనే అంటారు. ఆ మాటకు తల ఊపి లేచి రాకండి.

కాలు ఇంకా పూర్తిగా మునుపటిలా లేదు. సాయంత్రానికి కొంచెం వాస్తుంది, దిండు మీద ఎత్తి పెట్టుకుంటాను. ఒకసారి వచ్చిన కాలికే ఈ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఉందని డాక్టరమ్మ ముందే చెప్పింది. రోజూ చిన్న అద్దం నేల మీద పెట్టి అరికాలు, వేళ్ల సందులు చూసుకుంటాను. ఆ తర్వాత ఆ పైవాడి దయ. నా వంతు నేను చేశాక ఆయన మీద భారం వేయడంలో తప్పేమీ లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి ఒక పూటలో మారిపోతే ఆగకండి, తీసుకెళ్లండి. అక్కడ ముందుగా చెప్పవలసిన మాట వయసు కాదు. మా అమ్మాయి ఆ రెండో ఆసుపత్రి గుమ్మంలోనే, ఎవరూ అడగకముందే చెప్పింది: "నిన్న పొద్దున మా అమ్మ పేపరు మొత్తం చదివి నాకు వార్తలు చెప్పిందండీ. మా అమ్మ ఇలా ఉండదు." డాక్టరమ్మ రాస్తున్న కాగితం పక్కన పెట్టి లేచి వచ్చింది.