ఒత్తు తెగని పేజీ కోసం

ఈ రోజంతా రుషికొండ ఐటీ సెజ్‌లోని మా కార్యాలయంలో, నగరంలోని ఒక ఆసుపత్రి కోసం తయారవుతున్న తెలుగు అపాయింట్‌మెంట్ వెబ్‌సైటును వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించడంతోనే గడిచింది.

బ్రౌజర్ల పేర్లు లెక్కపెట్టడం కన్నా వాటి లోపల ఉండి పేజీని తెరమీదికి తెచ్చే ఇంజిన్లను లెక్కపెట్టడం మేలని నా నమ్మకం. క్రోమ్, ఒపేరా, 2020 నుంచి ఎడ్జ్ కూడా బ్లింక్ మీదే నడుస్తున్నాయి; ఆ బ్లింక్ 2013లో వెబ్‌కిట్ నుంచి విడివడినదే. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల పనిచేసేది వెబ్‌కిట్ కనుక, కంప్యూటరులో క్రోమ్‌ను చూసి ఆ ఫోనును వదిలేయడానికి వీలులేదు.

తెలుగు పేజీకి ఇంతటితో పని తీరదు. సాధారణంగా విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ ఫాంటు అక్షరాలు కనిపిస్తాయి. ఒక్కొక్క ఫాంటులో ఒత్తులు ఒక్కో లోతుకు దిగుతాయి. ‘స్త్రీల వైద్య విభాగం’ అన్న మీట (బటన్) ఒక ఫోనులో చక్కగా ఉండగా, మరొక ఫోనులో ‘స్త్రీ’ కింది ఒత్తు సగానికి తెగిపోయింది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో మీట ఎత్తును పిక్సెళ్లలో బిగించి, బయటికి వచ్చినదాన్ని దాచేయమనడమే ఇందుకు కారణం. ఎత్తు నిబంధన తీసేసి, వరుస ఎత్తును (లైన్‌హైట్) అక్షరం సైజుకు 1.6 రెట్లకు పెంచి, ఫాంటును సైటుతోపాటే పంపితే అన్నిచోట్లా అక్షరం నిండుగా నిలిచింది. గాజువాక నుంచో అనకాపల్లి నుంచో నొప్పితో ఫోను పట్టుకున్న తల్లికి ఆ అక్షరాలు పూర్తిగా కనిపించి తీరాలి. దీన్ని ‘చిన్న లోపం’ అని రాయడానికి నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం ఒక పాత ఫోనులో అపాయింట్‌మెంట్ సమయం ఉండవలసిన చోట ఖాళీ కనిపించింది. సర్వరు తేదీకీ గంటకూ మధ్య ఖాళీ వదిలి పంపుతోంది. వెబ్‌పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాష ప్రమాణం హామీ ఇచ్చే రూపంలో ఆ చోట ఇంగ్లీషు ‘T’ అక్షరం ఉండాలి. మిగిలిన రూపాలను చదవడమో మానడమో ఆయా బ్రౌజర్ల ఇష్టం.

ఫోను రకం, సిస్టమ్ వెర్షన్, బ్రౌజరు వెర్షన్, స్క్రీన్‌షాట్ జతచేసి ఈ రెండు లోపాలనూ డెవలపర్లకు పంపాను. ఫైర్‌ఫాక్స్‌లో ప్రింటు తీసినప్పుడు అపాయింట్‌మెంట్ చీటీలోని చివరి వరుస రెండో పేజీకి జారుతోందేమో రేపు చూడాలి.