చోక్ మీదే నడిచిన బండి

నాన్న వాడే పాత 100 సీసీ బండి కొన్ని నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. బయటికి తీశాక చోక్ లాగితేనే స్టార్ట్ అయ్యేది. చోక్ మూస్తే ఆగిపోయేది. రేస్ ఇస్తున్నంతసేపూ బాగానే నడిచేది, చెయ్యి వదలగానే మళ్లీ ఆగిపోయేది. గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్‌ని మొత్తం మార్చాలన్నాడు మా వీధి మెకానిక్. నాకు మనసొప్పలేదు. ఎక్కడ తేడా ఉందో బండే చెబుతోందనిపించింది.

చోక్ లాగితే లోపలికి వెళ్లే గాలి తగ్గి, పెట్రోల్ వాటా పెరుగుతుంది. అలా అయితేనే నడుస్తోందంటే, మామూలుగా అందాల్సిన పెట్రోల్ అందడం లేదన్నమాట. లేదా ఎక్కడో అదనపు గాలి దూరుతోంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలున్న భాగాలే జెట్లు. రేస్ మీద ఇబ్బంది లేదు కాబట్టి, రేస్ ఇచ్చినప్పుడు పనిచేసే మెయిన్ జెట్ బాగున్నట్టే. కాబట్టి మొదటి అనుమానం స్లో జెట్ మీదే. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్లేది దాని గుండానే.

అయినా నేరుగా కార్బొరేటర్ విప్పలేదు. ముందు స్పార్క్ ప్లగ్ తీశాను. మొన తెల్లగా పాలిపోయి ఉంది. పెట్రోల్ ఎక్కువైతే నల్లగా మసి పట్టేది. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి ఇంజిన్‌కి ఆనించి కిక్ కొడితే నీలం రవ్వ గట్టిగానే వచ్చింది. తర్వాత పెట్రోల్ పైపు ఊడదీసి ట్యాంకు కింది కాక్ తిప్పాను, ధార తెగకుండా పడింది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోల్ వాటా పెరుగుతుందే తప్ప తగ్గదు, అందుకే దాని జోలికి పోలేదు.

కాక్ మూసి, కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే బౌల్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్‌ని డబ్బాలోకి పట్టాను. ఈ పని ఆరుబయటే చేయాలి. ఇంట్లో దేవుడి దీపం వెలుగుతుంటే వరండాలో కూడా వద్దు. వచ్చిన పెట్రోల్ డికాక్షన్ రంగులో ఉంది, వార్నిష్ వాసన కొట్టింది. అడుగున తుప్పు రేణువులు, వాటి పక్కనే కలవకుండా విడిగా నీటి బొట్లు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోల్‌ని నేను అస్సలు నమ్మను.

బౌల్ స్క్రూలు బిగుసుకుపోయి ఉంటాయి. స్టార్ స్క్రూడ్రైవర్‌ని బలంగా నొక్కిపట్టి తిప్పకపోతే తలలు అరిగిపోతాయి. జెట్లు ఇత్తడివి, ఇంకా మెత్తన. వాటి గాడికి సరిగ్గా సరిపోయే మైనస్ స్క్రూడ్రైవరే వాడాలి. స్లో జెట్ తీసి ఎండకేసి చూస్తే రంధ్రమే కనిపించలేదు. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు ఒకటి లాగి నెమ్మదిగా దూర్చాను. ఇక్కడ చాలామంది గుండుసూది వాడతారు. ఇనుము ఇత్తడిని గీరేస్తుంది, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. ఇంకాసేపు నానాక మళ్లీ ఎత్తి చూస్తే లోపల సూదిమొనంత వెలుగు, గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనిపించింది. ఆ వెలుగు చూశాకే నా టెన్షన్ తగ్గింది.

స్లో జెట్ దగ్గర గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ తీసేముందు, అది లోపలికి పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పడుతోందో కాగితం మీద రాసుకున్నాను. క్లీనర్ కొట్టేముందు రబ్బరు ఓ రింగులు పక్కన పెట్టాను, అది తగిలితే ఉబ్బిపోతాయి. బిగించేటప్పుడు జాగ్రత్త పడాల్సింది స్లైడ్ దగ్గర, అంటే యాక్సిలరేటర్ తిప్పితే కార్బొరేటర్‌లో పైకి లేచే ముక్క దగ్గర. దాని గాడి లోపలి పిన్నులో కూర్చోకుండా మూత బిగిస్తే యాక్సిలరేటర్ పట్టేస్తుంది. స్టార్ట్ చేసేముందే యాక్సిలరేటర్ తిప్పి వదిలి, స్లైడ్ టక్కుమని కిందికి దిగుతోందో లేదో చూసుకోవాలి.

బండి కాస్త వేడెక్కాక స్లో, అంటే రేస్ ఇవ్వనప్పటి ఇంజిన్ వేగం, కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూని నెమ్మదిగా తిప్పుతూ ఇంజిన్ చప్పుడు ఎక్కడ బాగా పెరుగుతోందో అక్కడ ఆపాను. తర్వాత స్లో తగ్గించాను. ఇలాంటి బండ్లకు నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఉంటే సరిపోతుంది. చుట్లు చూపే మీటర్ లేకపోయినా, హెడ్‌లైట్ వేసినప్పుడు ఇంజిన్ తడబడకపోతే చాలు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో దాదాపు అన్నింటికీ కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

చోక్ మూసినా ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. శబ్దం నిలకడగా ఉండేసరికి ఇంజిన్ హెడ్ దగ్గర టిక్ టిక్‌మని ఇంకోటి వినిపించింది. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు కావచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక చూడాల్సిన పని అది. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ తెచ్చిపెట్టుకున్నాను.