ఏడున్నర కేవీఏ కొనబోయి...

పాత టెంపో ట్రావెలర్‌లో రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఏసీ పెట్టించుకుని అమ్మతో, పిల్లలతో ఊళ్లు తిరగాలని మొదలుపెట్టాను. బాడీ పని నల్లగొండలోనే అయిపోయింది. కరెంటు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది.

కాగితం మీద లెక్క వేశాను. ఏసీకి 1100 వాట్లు, ఇండక్షన్ స్టవ్‌కు 2000, కెటిల్‌కు 1500, మిక్సీకి 500, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకు ఇంకో 200. మొత్తం 5300. జనరేటర్ షాపాయన అది చూసి ‘ఏడున్నర కేవీఏ తీసుకోండి సార్’ అన్నాడు. కేవీఏ అంటే జనరేటర్ ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత. క్వింటాలుకు పైనే బరువు. బండి వెనక దాన్ని మోయించడమా, మమ్మల్ని మోయించడమా?

మా మేనమామ బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాడు. కాగితం చూసి నవ్విండు. "ఏంది అల్లుడా, ఇవన్నీ ఒక్కపారే నడుపుతవా? అయినా నువ్వు రాయాల్సింది రాయలే. మోటరు స్టార్టయ్యేటప్పుడు ఎంత గుంజుతదో చూసినవా?"

బండిలోకి ఇంట్లోని పాత విండో ఏసీనే వేద్దామనుకున్నాను. మామ దాని వైరుకు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించాడు. నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లు. స్టార్ట్ అయిన క్షణంలో ముల్లు పాతిక దాటింది. బోరు వేయగానే ఇంట్లో బల్బులు గుడ్డిగా కావడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా, ఆ సంగతి బండికి అన్వయించుకోలేదు.

ఆ సాయంత్రమే లెక్క మారింది. పాత ఏసీ బదులు మెల్లగా వేగం అందుకునే ఇన్వర్టర్ ఏసీ, ఇండక్షన్ బదులు గ్యాస్ పొయ్యి. బస చేసిన చోట కరెంటు తీసుకునే బయటి కనెక్షన్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు: 230 వోల్టుల దగ్గర 3680 వాట్లు, మాకు ఎక్కువే. జనరేటర్ మూడు కేవీఏ చాలన్నాడు మామ. పెట్టె మీద పెద్దక్షరాల్లో 3 అని ఉంది కానీ, ఆగకుండా ఇచ్చేది 2.8 అని ప్లేటు మీద చిన్నగా రాసి ఉంది. మామ చిన్నక్షరాలే చదివాడు. బయటి కరెంటూ జనరేటరూ ఎన్నటికీ కలవకుండా చేంజోవర్ స్విచ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ, బండి ఇనుముకు ఎర్తింగ్ వైరు. వీటి దగ్గర మాత్రం బేరం ఆడనివ్వలేదు.

మొదటి ప్రయాణం సోమశిలకు. కృష్ణ ఒడ్డున సాయంత్రం బ్రహ్మాండంగా ఉంది. బస చేసిన చోట వాచ్‌మన్ చూపించింది చిన్న సాకెట్, 6 ఆంపియర్లది. మా ప్లగ్గు పట్టలేదు. తెలివిగా అడాప్టర్ పెట్టి ఏసీ వేశాను, పైగా అమ్మకు వేడినీళ్లని కెటిల్ కూడా. పది నిమిషాల్లో ప్లాస్టిక్ మాడిన వాసన. పరుగెత్తి పీకేశాను. అడాప్టర్ పిన్నుల దగ్గర నల్లగా అయింది. ఆ సాకెట్‌కు తగినది 1380 వాట్లే, నేను గుంజింది దాదాపు రెట్టింపు. పైగా వోల్టేజీ 190 కూడా లేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ ఏసీ అదే చల్లదనం కోసం ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది.

జనరేటర్ వేద్దామంటే రాత్రి పదయింది. చుట్టూ మనుషులు పడుకున్నారు, పొగ కిటికీలోంచి మా మీదికే వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఆ రాత్రి ఫ్యాన్లతోనే గడిచింది.

ఇంటికొచ్చాక ప్లగ్గు పక్కన వోల్ట్‌మీటర్ బిగించాను, అడాప్టర్ పారేశాను. మా ఆవిడ స్విచ్‌బోర్డు మీద మార్కర్‌తో రాసిపెట్టింది: ‘కెటిల్ పెడితే ఏసీ బంద్.’