నీ పేరు దొరకలేదంట

31 మార్చి 2006, శుక్రవారం

ఒంగోల్లో బస్సెక్కి చీమకుర్తిలో దిగేసరికే చొక్కా కాలరు తెల్లబడింది. ఇక్కడి గ్రానైటు రాయి నల్ల గెలాక్సీనే గానీ దుమ్ముకి ఆ సంగతి తెలీదు.

మార్చి ఆఖరు. ఇన్వాయిసులన్నీ ఇవాళే కొట్టాలి. ఒక్కో బ్లాకుకి పొడుగు, వెడల్పు, ఎత్తు, ఆపైన ఘనపు మీటర్లు. అంకె కొట్టి ఎంటర్ నొక్కబోతుంటే తెర మధ్యన బూడిదరంగు పెట్టె. పైన ‘మెసెంజర్ సర్వీస్’ అని ఉంది. లోపలేముందో చదివేలోగా నా ఎంటర్ దాని ఓకే మీద పడి పెట్టె మాయం. ఏ అంకె దగ్గరున్నానో మర్చిపోయా. మళ్లీ మొదట్నుంచీ.

మా ఆఫీసులో అన్నీ విండోస్ 2000 సిస్టమ్‌లే. ‘నెట్ సెండ్’ అని కొట్టి, పక్కన చుక్కగుర్తు పెట్టి, విషయం రాస్తే అందరి తెరల మీదా ఒకేసారి పడుద్దని ఎవరో నేర్పారు. అంతే, ఊరి దండోరా మొదలైంది. టీ వచ్చింది. ఎవరిదో బండి అడ్డంగా ఉంది. వేబ్రిడ్జి దగ్గర లారీ. పదకొండింటి లోపల ఇలాంటివి పద్నాలుగు లెక్కబెట్టా.

ఈ పెట్టెలు దాన్నుంచే వస్తున్నాయనుకుని నిన్న తెలీక చాటింగ్ మెసెంజర్ పీకేశాను. పేర్లు కలిశాయి గానీ రెండింటికీ చుట్టరికమే లేదు. ఇవాళ కంట్రోల్ ప్యానెల్లో అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, అందులో సర్వీసెస్‌కి పోతే ఈ మెసెంజర్ సర్వీస్ దొరికింది. స్టాప్ ఒక్కటే నొక్కితే సిస్టమ్ మళ్లీ ఆన్ చేసినప్పుడు లేచి కూర్చుంటది. అందుకని స్టార్టప్ టైప్ డిసేబుల్డ్ చేశా. విండోస్ ఎక్స్‌పీకి 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2లో మైక్రోసాఫ్టోళ్లే దీన్ని ఆపేశారు. ఆ భాగ్యం మాకెక్కడిది!

మధ్యాహ్నమంతా ప్రశాంతం. నలభై ఇన్వాయిసులు లాగేశా.

నాలుగింటప్పుడు యార్డు అన్న తలపాగా దులుపుకుంటా లోపలికొచ్చాడు. యార్డు నుంచి ఆఫీసుకి ఎండలో నడవాలంటే మాటలు కాదు.

“ఏందబ్బాయ్, నీ ఒక్కడికే మెసేజ్ పెడదామంటే నీ పేరు నెట్‌వర్కులో దొరకలేదంటది? సిస్టం చచ్చిందేమోనని వచ్చా.”

“ఏముందన్నా, నెలాఖరు కదా, మొరాయిస్తా ఉంది” అన్నా. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

“రెండో లారీలో బ్లాకు మార్చాం. ఇన్వాయిసు ఆపు.”

అప్పటికే కొట్టేశా. ప్రింటు కూడా తీశా. చింపుతుంటే చూసి, ఏమనకుండా కొత్త కొలతల చీటీ బల్ల మీద పెట్టి, కూజా వైపు నడిచాడు.