పిడక ఆత్మకథ, సిరిమాను, ఇప్పటి కవితలు

ఇప్పుడు వస్తున్న కవితల్లో వింత పోలికలకు కొదవలేదు గానీ నవ్వు మాత్రం బాగా తగ్గిపోయింది. "నీలి మౌనపు వేలికొసల మీద చీకటి నెత్తురు" అని ఒక వాక్యం అనుకోండి (నేనే కట్టాను, ఎవరిదీ కాదు). వినడానికి బాగానే ఉంటుంది. కానీ అందులో మౌనం తీసేసి వాన పెట్టినా, నెత్తురు తీసేసి తేనె పెట్టినా ఏమీ మారదు. దీన్ని అధివాస్తవికత (సర్రియలిజం, అంటే కలల్లోని వింతనీ నిజాన్నీ కలిపి రాసే తీరు) అంటే నేను ఒప్పుకోను.

కలనూ మెలకువనూ కలిపేసే వాస్తవం ఒకటుందని ఫ్రెంచి కవి ఆంద్రె బ్రెతాన్ 1924లో ఈ సర్రియలిజానికి మేనిఫెస్టో రాశాడు. మా విజయనగరంలో ఆ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా చోట చింతచెట్టు ఉందంటే, వెతికి ఆ చెట్టునే తెచ్చి సిరిమాను (ఊరేగింపుకి వాడే పొడవాటి మాను) చేస్తారు. దసరా వెళ్లిన మంగళవారం పూజారి దాని కొసన కూర్చుని, గుడి నుంచి కోటకి మూడుసార్లు జనం తలల మీదుగా గాల్లో వెళ్తాడు, ముందు తెల్ల ఏనుగు, పాలధార, జాలరి వల, కింద నుంచి భక్తితో అరటిపళ్లు విసిరే జనం. శ్రీరంగం నారాయణబాబు ఈ ఊళ్లో పుట్టి సర్రియలిస్టు కవిత్వం రాశాడంటే నాకేమీ ఆశ్చర్యం వేయదు.

మన పాత పొడుపుకథ ఒకటి చూడండి. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను." విప్పితే పిడక. పేడ తన జీవితకథ తనే చెప్పుకుంటోంది! పిల్లలు పడీ పడీ నవ్వుతారు, మనం కూడా నవ్వుతాం, కానీ ఆ గుప్పెడు బూడిద దగ్గరికి వచ్చేసరికి అది పిడక గురించేనా అని లోపల ఎక్కడో బెదురు పుడుతుంది. ఇందులో ఒక్క మాట కూడా మార్చలేం, ఎందుకంటే ప్రతిదీ పిడకకి నిజంగా జరిగేదే. వింత అంతా ఎవరు మాట్లాడుతున్నారన్న దాంట్లోనే ఉంది. తెనాలి రామకృష్ణుడిదని చెప్పుకునే ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిన పద్యమూ అంతే, ముందు నవ్వొస్తుంది, తర్వాత ఆ ఏనుగులు విరటుడి కొలువులో చేరిన పాండవులని తెలిసి గుండె కలుక్కుమంటుంది.

ఆధునికుల్లో ఇలా నవ్విస్తూనే కొట్టే తెగువ లేకపోలేదు. వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగ్గొడతానని కవి పఠాభి 1939లోనే అన్నాడు.

నాకు నచ్చేది ఎలా ఉంటుందంటే: "రాజాం బస్సు కోసం కాంప్లెక్సులో నిలబడింది సముద్రం, చిల్లర లేదని కండక్టరు దింపేశాడు." గొప్ప కవిత అనడం లేదు. కానీ ఇందులో బస్సు నిజం, చిల్లర నిజం, కండక్టరు కోపమూ నిజం. అన్నీ రోజూ చూసేవే కాబట్టి ఆ ఒక్క సముద్రాన్నీ నమ్ముతాం. నవ్వి నమ్మాక, సముద్రం లేని ఊరికి సముద్రం ఎందుకు బయల్దేరిందో అని మనమే ఆలోచించుకుంటాం. అన్నీ వింతలే అయితే చదివేవాడు దేన్ని పట్టుకుంటాడు?

బాధ గురించి రాసేటప్పుడు నవ్వు పనికిరాదని కొందరంటారు. నేను గట్టిగా కాదంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగాయి. దాని మీద కన్నీళ్ల కవితలు చాలానే చదివాను, ఒకటీ గుర్తులేదు. గుర్తున్నది పలాస వైపు ఉండే మా మావయ్య తోటలో నిలబడి అన్న మాట: "నలభై ఏళ్లు నిలబడే ఉన్నాయి గదరా, కాళ్లు నొప్పెట్టి పడుకుండిపోనాయి." అక్కడున్నవాళ్లందరూ నవ్వారు, మావయ్య కూడా. ఆ చెట్లను మావయ్యే నాటాడు, కాపుకొచ్చేదాకా బిందెలతో నీళ్లు మోశాడు. ఆయనకి కవిత్వం రాయడం రాదు. రాసే వయసున్న కుర్రాళ్లు శ్రీకాకుళంలో చాలామందే ఉన్నారు, వాళ్లలో ఎవరైనా ఆ పడుకున్న చెట్ల మీద ఇలాంటి కవిత ఒకటి రాస్తే చదవాలని ఉంది.