రుద్రమదేవి పేరు రాయడానికి ఇరవై మూడు రోజులు

నిన్న రాత్రి పదకొండున్నరకి, నేను కాకతీయుల రాజ్యం చేర్చుకుంటున్న కంప్యూటర్ గేమ్‌లో, రుద్రమదేవి పేరు తెర మీద సరిగ్గా వచ్చింది. ద కింద ర వత్తు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఆ ఒక్క పేరుకి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

గేమ్ పేరు చెప్పను. మ్యాప్ మీద రాజ్యాలు నడిపే స్ట్రాటజీ గేమ్. కొనే పేజీలో 'పూర్తి మాడింగ్ సపోర్ట్', అంటే ఆటగాళ్లే గేమ్‌లో కొత్తవి చేర్చి మార్చుకునే వీలు, అని పెద్ద అక్షరాలతో ఉంది, ఆ మాట చూసే డబ్బు పెట్టాను. మాది హనుమకొండ, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. రూమ్‌లో నలుగురం ఆదివారం వచ్చిందంటే ఇలాంటి గేములే ఆడతాం. వాటిలో రోమన్లుంటారు, మంగోలులుంటారు, మహా అయితే మౌర్యులుంటారు, కాకతీయులు మాత్రం కనపడరు. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకం ఉన్న ఓరుగల్లు కంటే ఇలాంటి ఆటకి పనికొచ్చే నగరం ఏముంది? చిన్నప్పటి నుంచి ఆ కోటలో తిరిగినవాణ్ణి, నేనే పెడదామనుకున్నాను.

రాజ్యం రంగులు, జెండా మీద వరాహం ఒక్క శనివారంలో అయిపోయాయి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు పెట్టి, చెరువు ఉన్న చోట పక్క పొలాలకీ పంట పెరిగేలా అంకెలు మార్చడానికి ఇంకో శనివారం. రెండు కోటగోడలు కుదరలేదు, ఊరికి ఒకే గోడ అన్నది ప్రోగ్రామ్ లోపలే బిగించేశారు.

అసలు గోల పేర్ల దగ్గర మొదలైంది. ఫైల్లో 'రుద్రమదేవి' అని టైపు చేసి గేమ్ తెరిస్తే 'రుద్‌రమదేవి' అని వచ్చింది. పొల్లు విడిగా, ర విడిగా, మొదటి తరగతి పిల్లాడు కూడా రాయనట్టు. ఓరుగల్లులో 'ల్లు' నాలుగు ముక్కలైంది. కాకతీయలో గుడిదీర్ఘం త మీద కూర్చోకుండా పక్కన పడింది. ఫాంటు తప్పేమో అని నాలుగు ఫాంటులు మార్చాను, అదే వరస. రెండు రాత్రులు పోయాక అర్థమైంది: గేమ్ ఒక్కో అక్షరపు కోడ్‌కి ఒక్కో బొమ్మ తీసి ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతోంది. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో ద, పొల్లు, ర మూడూ కలిసి 'ద్ర' కావాలి, ఆ కలిపే పని ఎవరో ఒకరు చెయ్యాలి. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్. అది ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. పైసా ఖర్చు లేనిదాన్ని కలుపుకోవడానికి వీళ్లకేం అడ్డమొచ్చిందో!

కంపెనీకి ఉత్తరం రాశాను. చెడిపోయిన అక్షరాల చుట్టూ ఎర్ర గీత గీసి, సరైన రూపం పక్కనే పెట్టి, ఏ లైబ్రరీ కావాలో కూడా చెప్పాను. విండోస్‌లో తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ వేసుకోండి అని జవాబు. అదే కంప్యూటర్లో తెలుగు టైపు చేసి పంపినవాడికి ఆ సలహా! మళ్లీ వివరంగా రాశాను. ఈసారి, మీ కాపీ అసలుదేనా, కొన్న రసీదు పంపండి అన్నారు. అది చదివాక నిజంగా మొహం వేడెక్కింది. ఆఫీసులో సర్వర్లు పడిపోతే రాత్రి రెండింటికి లేపేది నన్నే, ఒక లోపాన్ని ఎలా రిపోర్ట్ చెయ్యాలో నాకు తెలుసు. డబ్బిచ్చి కొన్నవాణ్ణి, వాళ్ల పని నా శనివారాల్లో చేస్తున్నవాణ్ణి, దొంగలా రసీదు చూపించాలా? పంపాను. నాలుగు రోజుల తర్వాత, తెలుగు మా భాషల జాబితాలో లేదు, మీ సమస్య పరిష్కరించబడింది అని మూసేశారు.

మాడ్‌లు చేసేవాళ్లంటే ఇంత చులకన ఎందుకో. 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 అనే స్ట్రాటజీ గేమ్, మార్చుకోవడానికి వీలైన ఎక్స్‌ఎంఎల్, పైథాన్ ఫైళ్లు ఆటగాళ్ల చేతికిచ్చింది. 2007లో దాని విస్తరణ ప్యాక్‌లో అభిమానులు చేసిన మాడ్‌లను కంపెనీయే చేర్చింది. వార్‌క్రాఫ్ట్ 3 ఎడిటర్‌తో ఆటగాళ్లు చేసుకున్న డోటా నుంచి ఒక కొత్త రకం ఆటే పుట్టింది. ఆటని పదేళ్లు బతికించేది వాళ్లే.

ఇంగ్లిష్‌లో పెట్టేస్తే పోలా అన్నా, అన్నాడు రూమ్‌లో చిన్నవాడు. కుదరదన్నాను. రాజుల పేర్లు, ఊళ్ల పేర్ల పక్కన చిన్న బొమ్మ పెట్టుకునే వీలుంది కదా, ఆ బొమ్మనే వెడల్పు చేసి, మండలి అనే తెలుగు ఫాంటులో పేరు రాసి, వెనక రంగు లేకుండా పారదర్శకంగా తీసి, అసలు పేరు చోట ఖాళీ వదిలాను. నలభై ఒక్క పేర్లకీ అంతే, ఒక్కోటీ చేత్తో.

అది పూర్తయిన రోజే అప్‌డేట్ వచ్చింది. గేమ్ తెరుస్తుంటే ఒక్క మాట చెప్పకుండా మూసుకుపోతోంది, ఏం తప్పు జరిగిందో రాసి ఉండే లాగ్ ఫైలూ లేదు. ముప్పై ఎనిమిది ఫైళ్లలో సగం తీసి చూడటం, మిగిలినదాంట్లో మళ్లీ సగం, ఇలా ఆరుసార్లు తిప్పితే దొరికింది: ఒక ఫీల్డ్ పేరులో ఒక అక్షరం మార్చారు. ఎక్కడా చెప్పలేదు. అందుకే మాడ్ మొదలుపెట్టేముందు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపండి, పాత వెర్షన్ ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌లో దాచండి. కొన్న వెంటనే మీ భాషలో ఒక వత్తున్న పేరు పెట్టి చూడండి. గేములు అమ్మే స్టీమ్‌లో అయితే రిఫండ్‌కి కొన్నాక 14 రోజులు, రెండు గంటల ఆట వరకే గడువు, నేను మాడ్ మొదలుపెట్టేసరికే అది దాటిపోయింది. కంపెనీకి ఉత్తరాలు మాత్రం రాయకండి, టైమ్ దండగ.

ఇవాళ ఆఫీసులో పక్క సీటు హాసన్ అబ్బాయికి చూపించాను. హొయసళులు కావాలన్నాడు, పేర్లు కన్నడలోనే. కన్నడ వత్తులూ అలాగే విడిపోతాయి, బొమ్మలే చెయ్యాలి. ఫోల్డర్ ఇచ్చాను, శనివారం ఇద్దరం కూర్చుంటున్నాం.